జూడో: ఏళ్ల తరబడి చేశాక తేలిన లెక్క

ఎత్తి పడేయడం నేర్చుకుందామని జూడోలో చేరతారు. మొదటి నెలంతా పడటమే నేర్పుతారు. చాలామంది విసుగొచ్చి జారుకునేది ఇక్కడే. నన్నడిగితే కట్టిన ఫీజుకి సగం విలువ ఆ నెలలోనే వచ్చేస్తుంది. దొంగ ఎదురుపడేది జీవితంలో ఎప్పుడో ఒకసారి, తడి బాత్రూంలో కాలు జారేది ఎప్పుడైనా కావచ్చు.

ఈ పడే విద్యే ఉకెమి. వెనక్కి పడేటప్పుడు గడ్డం ఛాతీకి ఆనించి, చూపు బెల్టు ముడి మీద పెట్టాలి, లేకపోతే తల వెళ్లి నేలకు కొట్టుకుంటుంది. వీపు ఆనే క్షణంలో రెండు చేతులనూ అరచేతి నుంచి మోచేతి దాకా ఒకేసారి నేలకేసి చరచాలి. చేతులు ఒంటికి 30-45 డిగ్రీల్లోనే ఉండాలి. భుజాల ఎత్తుకు చాపితే దెబ్బంతా కీలు మీద పడుతుంది. అన్నిటికన్నా చెడ్డ అలవాటు, పడుతూ పడుతూ చెయ్యి వెనక్కి ఊనడం. మణికట్టు, మోచెయ్యి విరిగేది అలాగే. ముందు కూర్చుని, తర్వాత గొంతుక్కూర్చుని, ఆపైనే నిలబడి చేయించే మాస్టారైతే నమ్మొచ్చు.

విసుర్లలో కొత్తవాళ్లకు త్వరగా పట్టుబడేది ఓసోతో-గారి. కుడిచేతి వాటమైతే ఎడమ చేత్తో ఎదుటివాడి స్లీవ్ మోచేతి దగ్గర, కుడి చేత్తో కాలర్ పట్టుకోవాలి. స్లీవ్‌ని మీ తుంటి వైపు కిందికి లాగుతూ, ఎడమ పాదం అతని కుడి పాదం పక్కన వేసి, ఛాతీకి ఛాతీ ఆనేంత దగ్గరికి వెళ్లాలి. బరువంతా అతని కుడి మడమ మీదికి వచ్చాకే ఆ కాలిని వెనక నుంచి మీ కుడి కాలితో లేపేయాలి. దూరంగా నిలబడి కాలు మాత్రం చాపితే మీ నడుమే వెనక్కి వంగుతుంది, అదే విసురుతో అతను మిమ్మల్ని పడేస్తాడు. ఉకెమి సరిగ్గా రానివాడి మీద మాత్రం దీన్ని పూర్తి ఊపుతో వేయకూడదు.

ఆత్మరక్షణకు పనికొస్తుందా? పట్టుకున్నవాడి మీద బాగా, గుద్దేవాడి మీద అంతంతమాత్రం. 1882లో టోక్యోలో జూడో మొదలుపెట్టిన కనో జిగోరో, పాత జపాన్ కుస్తీవిద్య జుజుత్సులోని ప్రమాదకరమైన దెబ్బలను కతాలకు, అంటే ముందే అనుకున్న వరసలో ఇద్దరు కలిసి చేసే అభ్యాసాలకు పరిమితం చేసి, మిగతావి రండోరిలో, అంటే ఎదుటివాడు నిజంగా ఎదిరించే సాధనలో పూర్తి బలంతో అభ్యసించేలా మలిచారు. రోజూ నిజంగా ఎదిరించే మనిషి మీద చేసిన పట్టు కాబట్టే అవసరానికి అందుతుంది. రండోరిలో గుద్దులే లేవు కాబట్టి ముఖం కాచుకోవడం అలవాటు కాదు. ఉత్త చేతుల దాడినీ, కత్తి, కర్ర, పిస్టల్‌నూ ఎదుర్కొనే 21 పద్ధతులతో, కనో స్థాపించిన జూడో కేంద్రం కొడోకాన్ 1956లో గోషిన్-జుత్సు అనే ఆత్మరక్షణ వరస పెట్టింది గానీ అదీ కతానే, ఎదుటివాడు ఏం చేస్తాడో ముందే తెలుసు. అంతర్జాతీయ పోటీల్లో 2013 నుంచి నిలబడి ఉండగా కాళ్లను చేత్తో పట్టి పడేయడం నిషేధం, అందుకే పోటీల కోసమే నడిచే క్లబ్బుల్లో కాళ్ల మీదికి దూకేవాణ్ణి ఆపడం సరిగా రాదు.

ఇంకో చిక్కు బట్టలది. మన ఎండల్లో వీధిలో అందరివీ టీషర్టులే, కాలర్ పట్టి లాగితే చిరిగి చేతికొస్తుంది. మెడ వెనక ఒక చెయ్యి, మోచేతి పైన ఒక చెయ్యి వేసి గి (జూడో దుస్తులు) లేకుండా కూడా అప్పుడప్పుడు చేయాలి. మ్యాట్ మీద పడ్డవాడు లేచి నవ్వుతాడు, తారురోడ్డు మీద అదే విసురుకి తల పగలొచ్చు. విదిలించుకుని పరిగెత్తే దారి ఉంటే విసరొద్దు.

ఫిట్‌నెస్‌కి తిరుగులేదు. నాలుగు నిమిషాల రండోరి గట్టిగా చేస్తే ముంజేతులు, నడుము, ఊపిరి మూడూ ఒకేసారి అలిసిపోతాయి. బరువు తగ్గడం మాత్రం కంచం దగ్గరే తేలాలి. వేళ్ల కీళ్లు, మోకాళ్లు అరిగే మాట నిజం. వేళ్లకు టేపు చుట్టండి, మోకాలు పాడైనవాళ్లు మెలితిరిగే విసుర్లు మానండి.

గి సింగిల్ వీవ్ (పలచటి నేత) తీసుకోండి, డబుల్ వీవ్ (మందపాటి నేత) మన వేడికి భరించలేం. నూలుది కాబట్టి కుదించుకుపోతుంది: ఒక సైజు పెద్దది కొని, చన్నీళ్లలో ఉతికి, నీడలో ఆరేయాలి. చేరేముందు మ్యాట్లు ఎత్తి చూడండి. 4 సెంటీమీటర్ల మందమైనా ఉండాలి, రెండు మ్యాట్ల మధ్య కాలి బొటనవేలు దూరే సందు ఉంటే అక్కడ చేరొద్దు.