సీరియల్ డైల్యూషనా, స్టాక్ నుంచి నేరుగానా: ఏది మేలు?

నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి చెన్నై వచ్చి బీఎస్సీలో చేరిన పిల్లలకు బయాలజీ ల్యాబులో తొందరగానే ఎదురయ్యే పని ఇది: ఒకే పదార్థాన్ని ఐదారు గాఢతల్లో చేసి వరుసగా ట్యూబుల్లో పెట్టాలి. స్టాక్ (ముందే చేసి పెట్టుకున్న చిక్కటి ద్రావణం) సీసాలోంచి ప్రతి ట్యూబుకూ విడివిడిగా కొలిచి పోయవచ్చు. లేదా మొదటి ట్యూబులోంచి కొంత తీసి రెండోదాంట్లో, అందులోంచి మూడోదాంట్లో, ఇలా దించుకుంటూ పోవచ్చు; దీన్నే సీరియల్ డైల్యూషన్ అంటారు. రెండింటికీ లెక్క ఒకటే, సి1వి1 = సి2వి2 (గాఢతను పరిమాణంతో హెచ్చిస్తే వచ్చేది పలుచనకు ముందూ తర్వాతా ఒకటే). ఫలితం మాత్రం ఒకటి కాదు.

మా మాట ముందే చెబుతాం. వంద రెట్లలోపు పలుచన చేసే పనికి నేరుగా పోయడమే మేలు. ఎందుకంటే అందులో తప్పు జరిగితే కంటికి కనపడుతుంది.

ప్రొటీన్ స్టాండర్డ్ కర్వ్ తీసుకోండి, అంటే తెలిసిన గాఢతల రీడింగులతో గీసి, తెలియని శాంపిల్‌ను పోల్చి చూసే గ్రాఫు. మిల్లీలీటరుకు 1 మి.గ్రా. బీఎస్ఏ (ఆవు రక్తంలోని అల్బుమిన్ ప్రొటీన్) స్టాక్ ఉంది. 0.2, 0.4, 0.6, 0.8 మి.లీ. చొప్పున నాలుగు ట్యూబుల్లో పోసి, ప్రతిదాన్నీ నీళ్లతో 1 మి.లీ.కి తెచ్చారు. 0.6 ట్యూబులో చెయ్యి తప్పితే గ్రాఫులో ఆ ఒక్క చుక్కే గీతకు దూరంగా పడుతుంది. ఆ ట్యూబు మళ్లీ చేసుకుంటే సరిపోతుంది.

అదే పనిని సగం సగం చేసుకుంటూ సీరియల్‌గా చేశారనుకోండి. 1 మి.లీ. నీళ్లలోకి 1 మి.లీ. స్టాక్ పోయాల్సింది, పిపెట్‌లో గాలిబుడగ ఉండి 0.8 మి.లీ.నే పడింది. రెండో ట్యూబు గాఢత 0.5 కావాల్సింది 0.44 అయింది. మిగతా దశల్లో ఎంత జాగ్రత్తపడినా కింది ట్యూబులన్నీ అదే 11 శాతం తక్కువతో వస్తాయి. గ్రాఫులో అవన్నీ చక్కగా ఒకే గీత మీద కూర్చుంటాయి. పలుచన చేయని పై చుక్క ఒక్కటే పక్కకు పోతుంది. బ్రాడ్‌ఫర్డ్ పరీక్షలో (రంగు మార్పుతో ప్రొటీన్‌ను కొలిచే పద్ధతి) ఎక్కువ గాఢత దగ్గర గీత ఎలాగూ వంగుతుంది కాబట్టి, సరిగ్గా ఉన్న ఆ ఒక్క చుక్కనే తప్పనుకుని కొట్టేస్తారు. తెలియని శాంపిల్ విలువ 12 శాతం దాకా ఎక్కువ చూపిస్తుంది, అనుమానం రానే రాదు. మా దృష్టిలో సీరియల్ పద్ధతి అసలు ప్రమాదం ఇదే.

బంగాళదుంప ఆస్మాసిస్ ప్రయోగానికైతే (చక్కెర నీళ్లలో వేసిన దుంపముక్కలోకి నీళ్లు వస్తాయో, బయటికి పోతాయో చూసేది) నేరుగా పోయడానికి ఇంకో కారణం కూడా ఉంది. దుంపముక్క బరువు పెరగక తరగక ఉండే చోటు సాధారణంగా 0.2, 0.4 మోలార్ల (లీటరు ద్రావణంలో ఎన్ని మోల్‌లు ఉన్నాయో చెప్పే కొలత) మధ్య ఉంటుంది. 1 మోలార్ నుంచి సగం సగం చేస్తే 1, 0.5, 0.25, 0.125 వస్తాయి; కావలసిన చోట ఒక్క చుక్కే దొరుకుతుంది. నేరుగా చేస్తే 50 మి.లీ. చొప్పున 0.2కి 10 మి.లీ. స్టాక్, 40 నీళ్లు, 0.4కి 20, 30, 0.6కి 30, 20, 0.8కి 40, 10. కావాలంటే 15, 35 కలిపి 0.3 కూడా చేసుకోవచ్చు.

ఈ స్టాక్ దగ్గరే చాలామంది తప్పుతారు. 1 మోలార్ చక్కెర 250 మి.లీ.కి 85.58 గ్రాములు కావాలి. దాన్ని 250 మి.లీ. నీళ్లలో వేయకూడదు, అలా వేస్తే పరిమాణం 300 మి.లీ. దాటి గాఢత 0.83 దగ్గర ఆగుతుంది. బీకరులో 150 మి.లీ. నీళ్లతో పూర్తిగా కరిగించి, ఫ్లాస్కులోకి వంపి, బీకరును రెండుసార్లు కడిగిన నీళ్లు కూడా అందులోనే పోసి, అప్పుడు గీత దాకా నింపాలి. ఆ తర్వాత మూత బిగించి ఫ్లాస్కును పదిసార్లయినా తలకిందులు చేయాలి. చిక్కటి చక్కెర నీళ్లు అడుగునే కూర్చుంటాయి.

ప్రతి గాఢతకూ విడిగా తూకం వేసే మూడో దారి కూడా ఉంది. చక్కెరకు ఫరవాలేదు. 0.001 మోలార్ మైలుతుత్తం 100 మి.లీ.కి 0.025 గ్రాములే కావాలి, 0.01 గ్రాము దాకా చూపే తక్కెడ మీద అది 0.02 అనో 0.03 అనో కనపడుతుంది. ఇరవై శాతం అక్కడే పోయింది. పైగా చెన్నై ఉక్కలో సోడియం హైడ్రాక్సైడ్ బిళ్లలు తూచేలోపే తడిసిపోతాయి. కాబట్టి అలాంటివాటికి ఒకేసారి చకచకా తూచి స్టాక్ చేసుకోవడమే నయం. తక్కెడ మీదికి ఫ్యాను గాలి రానివ్వకండి. పలుచన చేయడానికి బోరు నీళ్లు వద్దు, ముఖ్యంగా సముద్రం దగ్గరి పేటల్లో. ఆ నీళ్లలోనే ఉప్పు ఉంటుంది. డిస్టిల్డ్ వాటరే వాడాలి.

సీరియల్ తప్ప గత్యంతరం లేని పని బ్యాక్టీరియా లెక్క. పెరుగులో మిల్లీలీటరుకు 10 కోట్ల బ్యాక్టీరియా ఉన్నాయనుకుందాం. వాటిని పెంచే ప్లేటులో లెక్కపెట్టగలిగేది 30 నుంచి 300 కాలనీలు (ఒక్కో బ్యాక్టీరియా పెరిగి కంటికి కనపడే చుక్కలు). పది రెట్ల చొప్పున ఐదుసార్లు దించితే మిల్లీలీటరుకు 1000 మిగులుతాయి, అందులోంచి 0.1 మి.లీ. పరిస్తే 100 కాలనీలు వస్తాయి. ఇదే ఒక్క అడుగులో చేయాలంటే లక్షో వంతు పెరుగు కావాలి, అంటే లీటరు నీళ్లకు 10 మైక్రోలీటర్లు. గడ్డలుగా ఉండే పెరుగులోంచి తీసిన అంత చిన్న చుక్క మొత్తానికి ప్రతినిధి కాదు.

ఇక్కడ ముంచేది ‘ఒకటికి పది’ అనే మాట. 1 మి.లీ.ని 9 మి.లీ. ఉప్పునీళ్లలో పోయాలి. 10 మి.లీ.లో పోస్తే పదకొండు రెట్లవుతుంది. ఐదు అంచెల్లో లెక్క దాదాపు 38 శాతం పడిపోతుంది. 0.85 శాతం ఉప్పునీళ్లను ముందే 9 మి.లీ. చొప్పున ట్యూబుల్లో పోసి ఆటోక్లేవ్ చేస్తే (ఒత్తిడి ఆవిరితో క్రిములను చంపితే) ఆవిరై కొంత తగ్గుతుంది, అప్పుడు తప్పు ఎదురువైపు దొర్లుతుంది. సీసాలోనే స్టెరిలైజ్ చేసి, తర్వాత స్టెరైల్ పిపెట్‌తో పంచడం మంచిది. ప్రతి అంచెకూ కొత్త టిప్ (పిపెట్ కొనకు తగిలించే ప్లాస్టిక్ గొట్టం) మార్చాలి. పాత టిప్ బయటివైపు అంటుకున్న చిక్కటి ద్రవం కింది ట్యూబుల్లో కాలనీలను పెంచేస్తుంది. ప్రతి ట్యూబునూ బాగా కలిపాకే తర్వాతిదాంట్లోకి తీయండి.

వంద రెట్లు దాటి, లక్ష దాకా పోని పనులకు రెండూ కలిపి వాడండి. ముందు 1 మి.లీ. స్టాక్‌ను 100 మి.లీ. ఫ్లాస్కులో గీత దాకా నింపి మధ్య స్టాక్ చేసుకోవాలి. అక్కడి నుంచి ప్రతి ట్యూబుకూ నేరుగా పోయాలి. 1000 మైక్రోలీటర్ల పిపెట్‌తో 100 కంటే తక్కువ తీయాల్సి వస్తే కొలత కచ్చితంగా రాదు. చిన్న పిపెట్ తీసుకోండి, లేదా మధ్య స్టాక్‌ను ఇంకాస్త పలుచన చేయండి. ఆ మధ్య స్టాక్‌ను వేరు వేరు ఫ్లాస్కుల్లో రెండుసార్లు చేసి రెండింటి రీడింగూ చూస్తే, అందరి ట్యూబులూ ఆధారపడ్డ ఆ ఒక్క అంచెలో తప్పుందో లేదో అక్కడే తేలిపోతుంది.