వాల్ట్జ్, టాంగో: ఏది ముందు?

జంటగా ఆడే డ్యాన్సుల్లో ముందు ఏది నేర్చుకోవాలంటే నేను వాల్ట్జ్ అనే చెబుతాను. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టే తాళం, ఒకటి మీద ఊనిక. చెవికి వెంటనే పట్టుబడుతుంది. ఇవాళ వియన్నా బాల్‌రూముల్లో మహా మర్యాదగా కనిపించే ఈ డ్యాన్సును 1816లో లండన్ టైమ్స్ పత్రిక అసభ్యమని తిట్టిపోసింది. ఆడా మగా అంత దగ్గరగా పట్టుకుని తిరగడం అప్పటి పెద్దలకు మింగుడుపడలేదు.

టాంగో 19వ శతాబ్దం చివర్లో అర్జెంటీనాలోని బ్యూనస్ ఐరిస్, ఉరుగ్వేలోని మాంటెవీడియో నగరాల పేదల పేటల్లో పుట్టింది. 1913 ప్రాంతంలో పారిస్ మోజుపడ్డాకే సొంత ఊరి సంపన్నులు దాన్ని మనసారా ఒప్పుకున్నారు. అడుగులు అప్పటికప్పుడు కల్పించుకోవాలి, అందుకే కష్టం.

కానీ మనుషుల్ని కలిపే విషయంలో నా ఓటు టాంగోకే. మిలోంగా అనే టాంగో సభల్లో పిలుపు నోటితో కాదు, చూపుతో. దూరం నుంచే కళ్లు కలిపి తల కొద్దిగా ఊపుతారు. ఇష్టం లేకపోతే చూపు తిప్పుకుంటే సరి, ఎవరికీ చిన్నతనం ఉండదు. ఒప్పుకుంటే మూడు నాలుగు పాటలు అదే జోడీ. మధ్యలో వేరే సంగీతపు ముక్క వినిపించగానే విడిపోయి ఎవరి కుర్చీకి వాళ్లు వెళ్తారు. కొత్తవాళ్లతో మాట కలపాలంటే టెన్షన్ పడేవాళ్లకు ఇంతకంటే మంచి పద్ధతి నాకు తెలియదు.