ఆక్సిజన్ మెషీనా, మాస్కుతో ఊపిరికి ఊతమిచ్చే బైపాపా: ఏది మేలు?

మా నాన్నకు సీఓపీడీ, అంటే ఊపిరి గొట్టాలు ఇరుకై గాలి సరిగా ఆడని దీర్ఘకాల జబ్బు. ముప్పై ఏళ్లు చుట్ట కాల్చారు. పోయిన చలికాలం ఆయాసం ఎక్కువైన రాత్రి ఆక్సీమీటర్‌లో 86 చూసి నాకు టెన్షన్ పట్టుకుంది. ఇంట్లోని ఆక్సిజన్ మెషీన్‌ను (కాన్సంట్రేటర్) నిమిషానికి 5 లీటర్లకు తిప్పేశాను. అంకె 97కి వచ్చింది, హమ్మయ్య అనుకున్నాం. తెల్లారేసరికి నాన్న మగతలో ఉన్నారు, పిలిస్తే సరిగా పలకలేదు.

ఆసుపత్రిలో మణికట్టు దగ్గర ధమని నుంచి రక్తం తీసి ఏబీజీ (రక్తంలోని వాయువుల పరీక్ష) చేశారు. ఆక్సిజన్ బాగానే ఉంది. కార్బన్ డయాక్సైడ్ మాత్రం 78. అది 45 దాటకూడదు. వేలికి పెట్టే మీటర్ ఈ సంగతి చెప్పదు.

ఏది మేలో తేల్చేది ఈ కార్బన్ డయాక్సైడే. న్యుమోనియా, ఊపిరితిత్తుల్లో నీరు చేరడం లాంటివాటిలో ఏబీజీలో ఆక్సిజన్ 60 కంటే పడిపోతుంది (ఇది వేలి మీటర్ అంకె కాదు), కార్బన్ డయాక్సైడ్ పెరగదు. ఇది టైప్ 1 శ్వాస వైఫల్యం. దీనికి ముందు ఆక్సిజనే, చాలకపోతే ముక్కు గొట్టాలతో ఎక్కువ వేగంగా ఆక్సిజన్ ఇచ్చే హైఫ్లో. సీఓపీడీ ముదిరినా, ఒళ్లు మరీ బరువెక్కినా లోపలి గాలి సరిగా బయటికి పోదు, కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. అది టైప్ 2. ఇక్కడ ఆక్సిజన్ అతిగా ఇస్తే, గాలి సరిగా ఆడని భాగాలకు రక్తం మళ్లి కార్బన్ డయాక్సైడ్ ఇంకా పెరుగుతుంది. అలాగని ఆక్సిజన్ ఆపేయకూడదు, అదీ ప్రాణం మీదికే తెస్తుంది. ఇలాంటివాళ్లకు వేలి మీటర్‌లో 88 నుంచి 92 మధ్య ఉంచితే చాలు.

కార్బన్ డయాక్సైడ్ పేరుకుని, పీహెచ్ (రక్తంలో ఆమ్లం పెరిగేకొద్దీ తగ్గే అంకె) 7.35 కంటే తగ్గిన సీఓపీడీ రోగికి నా ఓటు బైపాప్‌కే. ఊపిరి పీల్చేటప్పుడు ఎక్కువ ఒత్తిడితో, వదిలేటప్పుడు తక్కువ ఒత్తిడితో గాలి ఇచ్చి అలసిన కండరాలకు ఊతమిస్తుంది. గొంతులో ట్యూబు వేయాల్సిన అవసరాన్నీ, మరణాలనూ తగ్గిస్తుందని పరిశోధనల్లో రుజువైంది. మాస్కు బిగుతుకు ముక్కు ఒరుసుకుపోతుంది, నోరు ఎండుతుంది, కడుపు ఉబ్బుతుంది. మొదటి రాత్రి నాన్న మూడుసార్లు పీకేశారు. నర్సమ్మ పక్కనే కూర్చుని చెయ్యి పట్టుకుంది.

వాంతులు ఆగకపోయినా, కఫం బయటికి తెచ్చుకోలేకపోయినా మాస్కు ప్రమాదం. కట్లపాము కాటుకు ఊపిరి కండరాలు చచ్చుబడితే వెంటిలేటరే మేలు. "వెంటిలేటర్ అంటే ఇక అయిపోయినట్టే" అని దయచేసి ఇంటికి తీసుకెళ్లకండి. విషం ప్రభావం తగ్గేదాకా ఆ మిషనే ఊపిరి ఆడిస్తుంది, కోలుకుని నడిచి వెళ్లినవాళ్లు ఎందరో.

ఇప్పుడు మా కాన్సంట్రేటర్ మీద 88–92 అని కాగితం అంటించాం. డాక్టర్ చెప్పిన 1 లీటరు దాటి ఎవ్వరం తిప్పం. పొద్దున్నే తలనొప్పి అన్నా, పగలు అదేపనిగా మత్తుగా ఉన్నా, మీటర్ ఎంత చూపినా సరే, ఏబీజీకి తీసుకెళ్తున్నాం.