వీల్‌చైర్ మనిషి కోసం హోమ్ జిమ్ కొంటున్నారా? మా తమ్ముడికి జరిగింది చదివి అప్పుడు కొనండి

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు మన తెలుగువాళ్లెవరైనా నడవలేని మనిషి కోసం ఇంట్లో కసరత్తు సామాను కొనాలనుకుంటుంటే, డబ్బు కట్టే ముందు దయచేసి ఇది చదవండి.

నాలుగేళ్ల కిందట ట్రాక్టర్ తిరగబడి మా తమ్ముడికి వెన్నెముక దెబ్బతింది. బొడ్డు కింద నుంచి స్పర్శ లేదు. చేతులు బాగానే ఉన్నాయి. మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి బాత్రూంలోకి వాడి బరువంతా ఆ చేతులే మోయాలి. అందుకే భుజాలకి, వీపుకి బలం పెంచమని ఫిజియో గట్టిగా చెప్పారు.

నేనూ మా ఆయనా బరంపురంలో ఒక పెద్ద షాపుకి వెళ్లాం. వీల్‌చైర్ మనిషికి కావాలని మొట్టమొదటే చెప్పాం. "ఇది అలాంటివాళ్లకి స్పెషల్ అమ్మా, కుర్చీలో కూర్చునే చేసుకోవచ్చు" అన్నాడు షాపాయన, తెలుగులోనే. మన భాషలో చెప్పేసరికి మనవాడే కదా అని నమ్మేశాం. 23,500 రూపాయలు కట్టి ఇంటికి తెప్పించాం.

బిగించాక చూస్తే కుర్చీ అందులో పట్టనే లేదు. మెషీను కాళ్ల మధ్య ఖాళీ 22 అంగుళాలు, మా కుర్చీ చక్రాల అంచు నుంచి అంచుకి 25. పైగా సీటు ఫ్రేముకే వెల్డింగ్ చేసి ఉంది, తీయడానికి లేదు. ఆ రోజే తిప్పి పంపేయాల్సింది. తమ్ముడు ఎంతో ఆశగా ఉన్నాడు. ఇద్దరం పట్టుకుని దాని బెంచీ మీద పడుకోబెట్టేవాళ్లం. బెంచీ వెడల్పు 10 అంగుళాలే. కాళ్లు పక్కకి జారిపోతుంటే తువ్వాలుతో కట్టేవాళ్లం. తెల్లారి లేస్తూనే "అక్కా, ఎక్కించండి" అనేవాడు. రెండు వారాలు అలాగే చేశాడు.

ఓ రోజు స్నానం చేయిస్తూ అమ్మ చూసింది. నడుం కింద, తోక ఎముక దగ్గర, రూపాయి బిళ్లంత ఎరుపు. వేలితో నొక్కితే తెల్లబడి మళ్లీ ఎర్రబడాలి. అది తెల్లబడలేదు. అలా తెల్లబడకపోవడమే ఒత్తిడి పుండుకి మొదటి గుర్తని అప్పుడు మాకు తెలీదు. వేడి చేసిందేమో అనుకుని పౌడరు రాశాం. బెంచీ ఎక్కించడం కూడా ఆపలేదు. మూడో రోజుకి చర్మం చిట్లింది.

డాక్టరు గారు చూడగానే "ఏ పరుపు మీద పడుకుంటున్నాడు?" అని అడిగారు. ఇంటికొచ్చి బెంచీ మీద అరచేయి పెట్టి గట్టిగా అదిమాను. వీపు మెత్తకీ సీటు మెత్తకీ మధ్య వేలు దూరేంత సందు. ఆ అంచు దగ్గర రెక్సిన్ కింద స్పాంజీ అప్పుడే అణిగిపోయింది, దాని కింద బోల్టు తల చేతికి తగిలింది. సరిగ్గా తమ్ముడి తోక ఎముక ఆనే చోట. స్పర్శ ఉన్న మనిషైతే అర నిమిషంలో కదులుతాడు. వాడికి తెలియదు కదా. పది వారాలు బోర్లా పడుకున్నాడు. అంతకుముందు ఏడాదిగా కష్టపడి తెచ్చుకున్న భుజబలం ఆ పది వారాల్లో పోయింది. నాకు డబ్బు పోయినందుకు కాదు బాధ, ఇందుకు.

షాపుకి ఫోన్ చేస్తే "బిగించేశాక వాపసు లేదమ్మా, బిల్లు మీద రాసే ఉంది" అన్నారు. ఆ మాటకి జంకకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సరుకు దేనికి పనికొస్తుందో అబద్ధం చెప్పి అమ్మడమే తప్పు. లోపమున్న సరుకుని బిల్లులో రాసిన గడువులో, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లో, వెనక్కి తీసుకోనన్నా తప్పే. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులోనూ మాట్లాడొచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయండి. షాపు గంజాం జిల్లాలో ఉన్నా మేం ఉండేది గజపతి జిల్లా కాబట్టి ఇక్కడే వేశాం. 5 లక్షల లోపు సరుకుకి ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి. బిల్లు, ఫొటోలు, షాపాయన వాట్సాప్‌లో పెట్టిన మాటలు, అన్నీ దాచాం.

ఇక కొనేవాళ్లకి. టేపు పట్టుకెళ్లండి. కుదిరితే మనిషినే తీసుకెళ్లి, దాని మీదకి ఎలా ఎక్కుతాడో, ఎలా దిగుతాడో షాపులోనే చేసి చూపించమనండి. బరువు ఎన్ని కిలోలన్నది ఆ తర్వాతి మాట. మెత్తల మీద చేత్తో గట్టిగా నొక్కి చూడండి. "వికలాంగులకి కూడా" అన్న మాట బిల్లు మీద రాసివ్వమనండి. రాయనంటే అక్కడి నుంచి వచ్చేయండి.

పారాలింపిక్స్‌లో, అంటే వికలాంగుల ఒలింపిక్స్‌లో, బెంచీ మీద పడుకుని బరువులెత్తే పవర్‌లిఫ్టింగ్ ఆట ఉంది. దాని బెంచీ ఎలా ఉంటుందో మాకు తర్వాత తెలిసింది. పొడవు 210 సెంటీమీటర్లు, వెడల్పు 61, తల పెట్టే చోట మాత్రం 30. కాళ్లు కూడా బెంచీ మీదే చాపి ఉంటాయి, కావాలంటే బెల్టుతో కట్టుకోవచ్చు. 2004 ఏథెన్స్‌లో మన దేశానికి కాంస్యం తెచ్చిన రాజీందర్ సింగ్ రహేలూ ఈ ఆటలోనే గెలిచాడు, ఆయనకి పోలియో. అంత వెడల్పు ఎందుకో మా తమ్ముడి కాళ్లు జారడం చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఇప్పుడు మా వీధి వడ్రంగి చేత రెండడుగుల వెడల్పున, సందు లేకుండా ఒకటే చెక్కతో బెంచీ చేయించాం. మీద ఒకటే మందపాటి పరుపు. దిగగానే అమ్మ చర్మం చూస్తుంది, అది మాత్రం ఏ రోజూ మానదు.

మిగతాదంతా కుర్చీలోనే, రబ్బరు బ్యాండ్లతో. వాటికీ జాగ్రత్త కావాలి. బ్యాండు వెనక కట్టి ముందుకి తోస్తే కుర్చీ వెనక్కి తిరగబడొచ్చు, కాబట్టి వెనక చిన్న చక్రాలు బిగించి ఉండాలి, బ్రేకు వేసి ఉండాలి. తలుపు సందులో ఇరికించే కొక్కెం నమ్మకండి, గోడకి బోల్టు వేయించండి. ఎండ తగిలితే రబ్బరు పగుళ్లిస్తుంది, వాడే ముందు సాగదీసి చూడండి. రోజంతా చక్రాలు ముందుకి తోసే చేతులు కాబట్టి ఫిజియో వాడి చేత వెనక్కి లాగేవి ఎక్కువ చేయిస్తున్నారు. పక్షవాతం వచ్చి పిడికిలి బిగించలేనివాళ్లకి మణికట్టుకి చుట్టే పట్టీలున్నవి తీసుకోండి. వెన్నెముకకి దెబ్బ ఛాతీ ఎత్తులో గానీ మెడ దగ్గర గానీ తగిలినవాళ్లకి కసరత్తులో ఉన్నట్టుండి తలపోటు, ముఖం ఎర్రబడి చెమటలు వస్తే వెంటనే ఆపి కూర్చోబెట్టి, బెల్టులు వదులు చేసి, డాక్టరుకి చెప్పండి. బీపీ అమాంతం పెరిగిపోతుంది, అది ప్రాణం మీదకి వస్తుంది.

ఆ మెషీను ఇంకా మా వసారాలోనే గోనెపట్టా కప్పి ఉంది. సగం ధరకి ఇమ్మని ఇద్దరు అడిగారు. వాళ్లలో ఒకాయన కొడుకూ వీల్‌చైర్‌లోనే ఉన్నాడు. తమ్ముడు ఆయన్ని లోపలికి పిలిచి, పట్టా తీయించి, చేయి పట్టుకుని ఆ బోల్టు మీద పెట్టించాడు.