375 హెచ్ అండ్ హెచ్ మాగ్నమ్ రివ్యూ: ఆ ఇత్తడి బెల్ట్ ఊరికే పెట్టలేదు

చాలామంది 375 అనే ఈ రైఫిల్ తూటా గురించి అడిగితే దాని దెబ్బ గురించే చెప్తారు, నాకు మాత్రం దీంట్లో బాగా నచ్చేది దాని ఆకారం. కేసు, అంటే మందు నింపే ఇత్తడి గొట్టం, పొడుగ్గా, పైకి పోయేకొద్దీ సన్నబడుతూ ఉంటుంది, షోల్డర్, అంటే బుల్లెట్ పట్టే మెడ కింద కేసు సన్నబడే చోటు, చూస్తే ఏటవాలుగా జారిపోయినట్టుంటుంది, అడుగున చుట్టూ ఉబ్బిన పట్టీలా ఇత్తడి బెల్ట్. ఇదంతా అందం కోసం చేసింది కాదండీ.

లండన్‌లో హాలండ్ అండ్ హాలండ్ (హెచ్ అండ్ హెచ్) అనే తుపాకుల కంపెనీ వాళ్ళు దీన్ని 1912లో తెచ్చారు. అప్పటి తుపాకీ మందు కార్డైట్, అంటే తాడు పోగుల్లా పొడుగ్గా ఉండేది, దానికి తగ్గట్టే పొడుగు కేసు. కార్డైట్‌కి ఇంకో గుణం ఉంది, ఎండ ముదిరితే ప్రెషర్ పెరిగిపోతుంది, ఆఫ్రికా ఎండలో పేల్చిన కేసు ఛాంబర్‌లో, అంటే తుపాకీలో తూటా కూర్చునే చోట, ఇరుక్కుందంటే ఎదురుగా దున్న ఉన్నప్పుడు ఇక చెప్పేదేముంది, అందుకని కేసుకి ఆ వాలు పెట్టారు, తేలిగ్గా లోపలికి వెళ్తుంది, తేలిగ్గా బయటికి వస్తుంది.

కానీ ఆ వాలు వల్లే ఒక చిక్కొచ్చింది. తూటా ఛాంబర్‌లో కచ్చితంగా ఒకచోట ఆగాలి కదా, అడుగున రిమ్ (బయటికి పొడుచుకొచ్చిన అంచు) ఉంటే అదే ఆపుతుంది, కానీ బోల్ట్ యాక్షన్ (చేత్తో గడియ లాగి తూటా ఎక్కించే రైఫిల్) మ్యాగజైన్‌లో, అంటే తూటాలు పేర్చే పెట్టెలో, రిమ్‌లు ఒకదానికొకటి తగులుకుంటాయి, పోనీ షోల్డర్ ఆపుతుందా అంటే ఇంత జారుడు షోల్డర్ మీద నమ్మకం పెట్టుకోలేం. అందుకే బెల్ట్. ఈ ఐడియా వాళ్ళదే, 1905లో 400/375 తూటాకి ముందే వాడారు. రెండు గొట్టాల డబుల్ రైఫిల్ వాళ్ళ కోసం 375లోనే రిమ్ ఉన్న రకం కూడా చేశారు.

తర్వాత అమెరికా వాళ్ళు అందుకున్నారు. 1925లో హాలండ్ వాళ్ళదే 300 హెచ్ అండ్ హెచ్ తూటా వచ్చింది, 1935లో అమెరికాలోని క్యాంప్ పెర్రీలో బెన్ కంఫర్ట్ అనే షూటర్ దాంతో వింబుల్డన్ కప్ కొట్టాడు, అది 1000 గజాల షూటింగ్ పోటీ, అక్కణ్ణించి మాగ్నమ్‌ల (ఎక్కువ శక్తి ఉండే తూటాల) మోజు మొదలైంది. 1937లో వించెస్టర్ కంపెనీ మోడల్ 70 రైఫిల్‌లో 375, 300 రెండూ దొరికాయి. ఆ తర్వాత వచ్చిన అమెరికా తూటాలు 458 (1956), 338 (1958), 7 ఎంఎం రెమింగ్టన్ (1962), 300 వించెస్టర్ (1963), అన్నీ ఈ బెల్ట్ పెట్టుకున్నవే. 458 నిటారు కేసు, షోల్డరే లేదు కాబట్టి దానికి బెల్ట్ అవసరం, మిగతావాటికి మంచి షోల్డర్ ఉంది, నా దృష్టిలో వాటి బెల్ట్ పేరు కోసం ఉన్నదే.

ఇక వాడకం. 300 గ్రెయిన్ల (దాదాపు 19 గ్రాముల) బుల్లెట్ సెకనుకి దాదాపు 2500 అడుగుల వేగంతో పోతుంది, 4200 ఫుట్ పౌండ్ల దాకా శక్తి. 235, 270 గ్రెయిన్లు కూడా ఉన్నాయి. ఆఫ్రికాలో చాలా దేశాల్లో ప్రమాదకరమైన జంతువులకి కనీస సైజుగా దీన్నే పెట్టారు, అలాస్కాలో పెద్ద ఎలుగులకీ వాడతారు. తన్ను గట్టిగానే ఉంటుంది కానీ చురుగ్గా కొట్టినట్టుండదు, భుజాన్ని వెనక్కి నెట్టినట్టుంటుంది, బరువున్న రైఫిల్ అయితే అలవాటైపోతుంది.

మైనస్‌లు ఉన్నాయి. మొత్తం తూటా 3.6 అంగుళాలు, మామూలు యాక్షన్‌లో (రైఫిల్‌లో తూటాని ఎక్కించి పేల్చే యంత్రాంగంలో) పట్టదు, మాగ్నమ్ పొడుగు యాక్షన్ రైఫిలే కొనాలి, అది ఖర్చు. పేల్చిన కేసుల్ని మళ్ళీ నింపి రీలోడ్ చేసేవాళ్ళకి అసలు తలనొప్పి బెల్ట్‌కి కాస్త పైన, పేల్చినప్పుడల్లా కేసు అక్కడ సాగుతుంది, మొదట్లో నేను ప్రతిసారీ సైజింగ్ డై (కేసుని మళ్ళీ కొలతకి నొక్కే అచ్చు) పూర్తిగా కిందికి దించేవాణ్ణి, అలా చేస్తే నాలుగోసారికే కొన్ని కేసుల మీద ఆ చోట మెరిసే గీత కనిపించింది, లోపల చివర వంచిన తీగతో గీరి చూస్తే గాడి తగిలింది, అన్నీ పారేశా. ఇప్పుడు షోల్డర్‌ని కొంచెమే వెనక్కి నెట్టేలా డై సెట్ చేసుకుంటున్నా, కేసులు చాలా ఎక్కువసార్లు వస్తున్నాయి. ఆ గీత కనిపించిన కేసు మాత్రం మళ్ళీ నింపకండి, పేల్చినప్పుడు అక్కడే రెండు ముక్కలవుతుంది.