కొన్నేళ్లుగా కీక్లోక్ వాడుతున్నాను: లాగిన్ తేలికే, లాగౌట్‌తోనే తంటా

మా ఆఫీసులో సొంతంగా రాసుకున్న వెబ్ అప్లికేషన్లు అరడజను దాకా ఉంటాయి. లీవుల పోర్టల్, ఇన్వాయిస్‌లు, సపోర్ట్ టికెట్లు, ఆ పైన సర్వర్ల గ్రాఫులు చూసుకునే గ్రఫానా. ఒక్కోదానికి ఒక్కో పాస్‌వర్డ్ ఉన్న రోజుల్లో సోమవారం పొద్దున మెయిల్ తెరిస్తే చాలు, అన్నీ రీసెట్ అడిగే మెయిళ్లే. అన్నిటికీ కలిపి ఒకే లాగిన్ ఉండాలని కీక్లోక్ పెట్టాం. అది పాత వైల్డ్‌ఫ్లై అనే జావా సర్వర్ మీద నడిచే కాలం నుంచి ఇప్పటి 26వ వెర్షన్ దాకా దాని బాగోగులు చూస్తున్నది నేనే, కాబట్టి డెమో వీడియోల్లో చెప్పని సంగతులు నాలుగు చెప్తాను. ఒక మాట ముందే: దీంతో జనాన్ని లోపలికి పంపడం తేలిక, పూర్తిగా బయటికి పంపడమే కష్టం.

తెలియనివాళ్లకి రెండు ముక్కలు. రెడ్ హ్యాట్ వాళ్లు మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు ఇది, 1.0 వెర్షన్ 2014లో వచ్చింది, 2023లో సీఎన్‌సీఎఫ్ అనే ఓపెన్ సోర్స్ ఫౌండేషన్‌లో చేరింది. లైసెన్సు డబ్బులేమీ లేవు. అప్లికేషన్లు లాగిన్ కోసం మాట్లాడుకునే పద్ధతుల్లో ఓపెన్ఐడీ కనెక్ట్ (ఓఐడీసీ) వస్తుంది, సామెల్ వస్తుంది, ఆఫీసులో మైక్రోసాఫ్ట్ వాళ్ల యూజర్ల జాబితా, యాక్టివ్ డైరెక్టరీ ఉంటే దానికే తగిలించి పాత పాస్‌వర్డ్‌లతోనే పని కానివ్వచ్చు.

జాంగోలో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) రాసిన ఒక అప్లికేషన్‌కి మొదటి లాగిన్ పని చేయించడానికి ఒక పూట చాలు. రెల్మ్ ఒకటి (యూజర్లందరూ ఉండే గది లాంటిది), అందులో మన అప్లికేషన్ పేరున క్లయింట్ ఒకటి, రీడైరెక్ట్ యూఆర్ఐ (లాగిన్ అయ్యాక తిరిగి రావాల్సిన అడ్రసు), సీక్రెట్, అంతే. కానీ ఆ పూటలో సగం తినేసేది మాత్రం "ఇన్‌వ్యాలిడ్ పారామీటర్: రీడైరెక్ట్ యూఆర్ఐ" అనే ఒక్క ఎర్రర్. మీరు అడ్మిన్ కన్సోల్‌లో హెచ్‌టీటీపీఎస్ అని ఇచ్చి ఉంటారు, అప్లికేషన్ ముందు ఎన్జిన్ఎక్స్ అనే ప్రాక్సీ ఉంటుంది, అది వెనక్కి మామూలు హెచ్‌టీటీపీతో మాట్లాడుతుంది, దాంతో అప్లికేషన్ తన అడ్రసే హెచ్‌టీటీపీ అనుకుని అదే పంపిస్తుంది. కీక్లోక్ అక్షరం అక్షరం పోల్చి చూసి కుదరదంటుంది. చివర ఒక స్లాష్ ఎక్కువైనా ఇంతే సంగతి. ప్రాక్సీ నుంచి ఫార్వర్డెడ్ హెడర్లు (అసలు అడ్రసు ఏదో చెప్పేవి) పంపించి, వాటిని నమ్మమని జాంగోకి చెప్తే సరిపోతుంది. విసుగొచ్చి అక్కడ ఏ అడ్రసైనా సరే అని స్టార్ గుర్తు పెట్టి వదిలేసేవాళ్లని చూశాను, దయచేసి ఆ పని చేయకండి, లాగిన్ అయ్యాక కీక్లోక్ ఇచ్చే ఆథరైజేషన్ కోడ్ ఎక్కడికి వెళ్లాలో నిర్ణయించే గేటు అది.

యూజర్‌ని దేన్నిబట్టి గుర్తు పడుతున్నారన్నది ఇంకో విషయం. మేం వాడే మోజిల్లా జాంగో ఓఐడీసీ లైబ్రరీ మామూలుగా ఈమెయిల్ చూసి పాత అకౌంట్‌కి జత చేస్తుంది. బాగానే ఉంటుంది, ఎవరికో పెళ్లయి ఇంటిపేరు మారి దాంతోపాటు మెయిల్ ఐడీ కూడా మారేదాకా. అప్పుడు ఆవిడ మామూలుగానే లాగిన్ అవుతుంది, లీవుల బ్యాలెన్స్ మాత్రం సున్నా చూపిస్తుంది, ఎందుకంటే అప్లికేషన్ దృష్టిలో ఆవిడ ఈరోజే చేరిన కొత్త మనిషి. లాగిన్ అయినప్పుడు కీక్లోక్ పంపే టోకెన్‌లో సబ్ అని ఒక ఐడీ వస్తుంది, మనిషి పేరు మారినా అది మారదు. దాన్నే డేటాబేస్‌లో దాచుకుని దానితోనే వెతకాలి. లైబ్రరీలో ఒక ఫంక్షన్ మార్చుకుంటే అయిపోతుంది, కాకపోతే మొదటి రోజే చేసుకోవాలి, యూజర్లు వందల్లోకి వెళ్లాక పాత అకౌంట్లన్నీ సరిచేయడం నరకం.

ఇక లాగౌట్. మీరు బటన్ నొక్కితే అప్లికేషన్ తన కుకీ తీసేస్తుంది, కానీ కీక్లోక్ దగ్గర సెషన్ (మీరు లోపలే ఉన్నారన్న గుర్తు) అలాగే ఉంటుంది, దాంతో మళ్లీ లాగిన్ నొక్కగానే పాస్‌వర్డ్ కూడా అడక్కుండా నేరుగా లోపలికి. రిసెప్షన్‌లో ఇద్దరు ముగ్గురు వాడే కంప్యూటర్ ఉంటే, ఒకరి పేరు మీద ఇంకొకరు పని చేసేస్తుంటారు. అందుకే లాగౌట్ బటన్ కీక్లోక్ దాకా వెళ్లి అక్కడి సెషన్ కూడా ముగించాలి. అప్పటికీ పక్క ట్యాబ్‌లోని ఇన్వాయిస్‌ల అప్లికేషన్‌కి ఈ సంగతి తెలియదు. దానికి బ్యాక్‌ఛానల్ లాగౌట్ ఉంది, కీక్లోక్ ఒక్కో అప్లికేషన్‌కి విడిగా కబురు పంపుతుంది, ఆ కబురు అందుకుని సరైన జాంగో సెషన్ వెతికి చెరిపే కోడ్ మాత్రం మేమే రాసుకున్నాం.

దీనికన్నా ముఖ్యమైనది ఉద్యోగం మానేసినవాళ్ల సంగతి. హెచ్‌ఆర్ వాళ్లకి ఎస్‌ఎస్‌ఓ (ఇలా అన్నిటికీ ఒకే లాగిన్) అంటే ఇష్టం ఎందుకంటే ఒక్క చోట డిసేబుల్ చేస్తే అన్నీ మూతపడతాయని. అలా మూతపడవు. కీక్లోక్ ఇచ్చే యాక్సెస్ టోకెన్ మామూలుగా 5 నిమిషాలే బతుకుతుంది, నిజమే, కానీ జాంగో సొంత సెషన్ డిఫాల్ట్‌గా రెండు వారాలు ఉంటుంది, లాగిన్ అయ్యాక అది కీక్లోక్ మొహం కూడా చూడదు. అంటే శుక్రవారం మానేసిన మనిషి ల్యాప్‌టాప్‌లో ట్యాబ్ తెరిచి ఉంటే వచ్చే వారం కూడా టికెట్లు చదవచ్చు. ఆ మోజిల్లా లైబ్రరీలోనే ఉన్న సెషన్ రిఫ్రెష్ మిడిల్‌వేర్ పెడితే 15 నిమిషాలకోసారి కీక్లోక్ దగ్గరికి వెళ్లి అడిగొస్తుంది. అది పెట్టాక జావాస్క్రిప్ట్ నుంచి వెళ్లే రిక్వెస్టులకి 403 (అనుమతి లేదు) ఎర్రర్ రావడం మొదలవుతుంది, ఫారం సగం నింపినవాళ్లు ఫోన్ చేసి అరుస్తారు, దానికి వేరే కోడ్. ఒక్కొక్కటిగా చూస్తే చిన్నవే, అన్నీ కలిస్తే లాగిన్‌కి పట్టిన టైముకి ఎన్నో రెట్లు.

అప్‌గ్రేడ్‌లంటే ఇప్పటికీ టెన్షనే. 17వ వెర్షన్‌లో వైల్డ్‌ఫ్లై వదిలి క్వార్కస్‌కి మారినప్పుడు అడ్రసులోంచి ఆథ్ అనే ముక్క పోయింది, పాతది కావాలంటే సెట్టింగ్ పెట్టుకోవాలి. 18లో లాగౌట్ పద్ధతే మార్చారు, ఐడీ టోకెన్ హింట్ (లాగౌట్ అయ్యేది ఎవరో చెప్పే టోకెన్) పంపకపోతే "నిజంగా లాగౌట్ అవుతారా" అని ఇంకో పేజీ అడుగుతుంది. 24లో పాస్‌వర్డ్ హ్యాషింగ్ (పాస్‌వర్డ్‌ని ఎవరూ చదవలేని రూపంలోకి మార్చే లెక్క) బాగా బరువెక్కింది. భద్రతకి మంచిదే, కానీ పొద్దున అందరూ ఒకేసారి లాగిన్ అయ్యే వేళకి సీపీయూ గ్రాఫ్ చూస్తే తెలుస్తుంది. ప్రతిసారీ మైగ్రేషన్ గైడ్ మొత్తం చదివి, డేటాబేస్ కాపీ మీద నడిపి చూశాకే అసలు సర్వర్ ముట్టుకుంటాను. 26 మాత్రం నచ్చింది: యూజర్ సెషన్లు డిఫాల్ట్‌గా డేటాబేస్‌లో ఉంటున్నాయి, ఇంతకుముందు సర్వర్ రీస్టార్ట్ చేస్తే అందరూ మళ్లీ లాగిన్ అవ్వాల్సి వచ్చేది.

ఖర్చు విషయానికొస్తే, సాఫ్ట్‌వేర్ ఫ్రీ కానీ మనిషి ఫ్రీ కాదు. జావా కాబట్టి మెమరీ కూడా బాగానే తింటుంది, చిన్న వీఎంలో (వర్చువల్ మెషీన్) ఇరికించాలని చూడకండి. ఒకటే అప్లికేషన్ ఉండి, అందరికీ గూగుల్ వర్క్‌స్పేస్ అకౌంట్లు ఉంటే నేరుగా గూగుల్ లాగిన్ పెట్టుకోండి, మధ్యలో కీక్లోక్ దండగ. మూడు నాలుగు దాటాక, లేదా కస్టమర్లు సామెల్ కావాలని అడుగుతున్నాక, అప్పుడు దీని విలువ తెలుస్తుంది. బయట కొన్న సాఫ్ట్‌వేర్‌తో వచ్చే చిక్కు వేరే: మేం వాడే ఒకదానిలో ఎస్‌ఎస్‌ఓ కావాలంటే అన్నిటికన్నా ఖరీదైన ప్లాన్ తీసుకోవాలన్నారు, దానికింకా పాత పాస్‌వర్డే నడుస్తోంది.

పెట్టుకునేవాళ్లకి ఇంకొక్కటి. ప్రతి అప్లికేషన్‌లోనూ కీక్లోక్‌తో సంబంధం లేని లోకల్ అడ్మిన్ అకౌంట్ ఒకటి ఉంచండి, పెద్ద పాస్‌వర్డ్ పెట్టి, ఆఫీసు నెట్‌వర్క్ నుంచే తెరుచుకునేలా. కీక్లోక్ పడిపోయిన రోజు సర్వర్‌కి ఏమైందో చూడాలంటే గ్రఫానా తెరవాలి, గ్రఫానాలోకి వెళ్లాలంటే కీక్లోక్ లాగినే కావాలి.