ఆఫీసంతా కలిసి వాడుకునే మైక్రోసాఫ్ట్ యాక్సెస్: లాకుల పేచీలపై ఒక సమీక్ష

1992లో వచ్చిన డేటాబేస్ ప్రోగ్రామ్ మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌ను మందుల హోల్‌సేల్ వ్యాపారులు, ఆడిటర్లు, చిన్న విద్యాసంస్థల అకౌంట్స్ సిబ్బంది నేటికీ వదలలేదు. పొద్దున టేబుల్ తయారుచేసి, దానికొక ఫారం కట్టి, సాయంత్రానికి రిపోర్టు ప్రింటు తీసుకోగలిగిన సులువు మరే డేటాబేస్‌లోనూ ఇంత చవకగా దొరకదు. అయితే ఇక్కడ నేను పరిశీలిస్తున్నది, నలుగురైదుగురు ఒకే ఫైలును ఒకేసారి తెరిచి పనిచేసేటప్పుడు అది ఎలా తట్టుకుంటుందన్న ఒక్క విషయాన్నే. "ఫైలు లాక్ అయింది, తెరుచుకోవడం లేదు" అనే ఫిర్యాదుల్లో అధిక భాగం ఫైలును పెట్టిన తీరువల్ల వచ్చేవేనని, ఒక్క లోపం మాత్రం నిజంగా యాక్సెస్‌దేనని నా అభిప్రాయం.

షేర్డ్ ఫోల్డరులోని డేటాబేస్‌ను మొదటి వ్యక్తి తెరవగానే దాని పక్కనే అదే పేరుతో, .laccdb అనే పొడిగింపుతో, ఎవరెవరు తెరిచారో నమోదు చేసే ఒక చిన్న లాక్ ఫైలు పుడుతుంది; చివరి వ్యక్తి మూసినప్పుడు అదే తొలగిపోతుంది. ఆ ఫోల్డరులో కొత్త ఫైలు సృష్టించే, చెరిపే అనుమతి అందరికీ ఉంటేనే ఇది సవ్యంగా జరుగుతుంది. డేటా పోతుందేమోనన్న భయంతో కొందరికి చదివే అనుమతి మాత్రమే ఇచ్చే ఆఫీసుల్లో పేచీ ఇక్కడే మొదలవుతుంది. ఎవరు తెరిచి ఉంచారో తెలుసుకోవడానికి ఆ లాక్ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే కంప్యూటర్ల పేర్లు కనబడతాయి, వాటి పక్కన అందరికీ "అడ్మిన్" అనే ఉంటుంది. ఆ జాబితాను గుడ్డిగా నమ్మకూడదు, ఎందుకంటే పని ముగించి వెళ్లినవారి పేరు వెంటనే చెరిగిపోదు. సర్వర్‌లోని కంప్యూటర్ మేనేజ్‌మెంట్‌లో, షేర్డ్ ఫోల్డర్స్ కింద ఉండే ఓపెన్ ఫైల్స్ జాబితా చూడడమే నిక్కచ్చి పద్ధతి. కరెంటు పోయి యంత్రం ఆగినప్పుడు లాక్ ఫైలు మిగిలిపోవచ్చు. ఎవరూ వాడటం లేదని రూఢి చేసుకున్నాక దాన్ని చెరిపేయవచ్చు.

అసలు చికిత్స డేటాబేస్‌ను రెండుగా విడదీయడం. టేబుళ్లున్న ఫైలు సర్వర్‌లో ఉండాలి. ఫారాలు, క్వెరీలు, రిపోర్టులు ఉన్న ఫైలు ప్రతి సీటులోని కంప్యూటర్‌లోనూ విడివిడిగా ఉండాలి. ఈ పని చేసే విజార్డ్ డేటాబేస్ టూల్స్ ట్యాబ్‌లోనే ఉంది. విడదీసిన తరువాత కూడా ఫారాల ఫైలును సర్వర్‌లోనే ఉంచి అందరికీ షార్ట్‌కట్ ఇచ్చే ఆఫీసులు చాలా ఉన్నాయి, అలా చేస్తే విడదీసిన ఫలం దక్కదు. ఒకరు ఫారంలో చిన్న మార్పు చేయబోగానే, తమకు ఎక్స్‌క్లూజివ్ యాక్సెస్ (ఫైలును తామొక్కరే తెరిచి ఉంచే వీలు) లేదని, మార్పులు సేవ్ కాకపోవచ్చని హెచ్చరిక వస్తుంది.

ఇక యాక్సెస్‌దేనని నేను చెప్పిన లోపం. బిల్లింగ్ సీటులోని అమ్మాయి ఒక మందు బ్యాచ్ స్టాకును సవరిస్తోందనుకుందాం. అదే క్షణంలో గోడౌన్ నుంచి మరొకరు అదే వరుసలో గడువు తేదీని మార్చి ముందుగా సేవ్ చేశారు. ఆ అమ్మాయి సేవ్ చేయగానే "రైట్ కాన్‌ఫ్లిక్ట్" (ఇద్దరి రాతల మధ్య ఘర్షణ) అనే పెట్టె తెరుచుకుని మూడు బటన్లు చూపుతుంది: సేవ్ రికార్డ్, కాపీ టు క్లిప్‌బోర్డ్, డ్రాప్ ఛేంజెస్. అవతలివారు ఏం మార్చారో మాత్రం ఆ పెట్టె చెప్పదు. మొదటి బటన్ నొక్కితే గోడౌన్ వారి మార్పు పోతుంది, మూడోది నొక్కితే తన మార్పు పోతుంది. రెండోది నొక్కితేనే తన సవరణ క్లిప్‌బోర్డులో భద్రంగా ఉండి, అవతలివారు రాసింది తెరమీద కనబడుతుంది. అన్నిటికంటే క్షేమమైన ఆ దారిని ఎంచుకోవడానికి క్లిప్‌బోర్డు ఎందుకు ప్రస్తావనకు వచ్చిందో ఒక గుమాస్తాకు అర్థమయ్యే అవకాశం తక్కువ. రెండు విలువలనూ పక్కపక్కన చూపించి ఉంటే ఎంతో మేలుగా ఉండేది.

దీన్ని తప్పించడానికి ఫారం ప్రాపర్టీలలోని రికార్డ్ లాక్స్‌ను "నో లాక్స్" నుంచి "ఎడిటెడ్ రికార్డ్"కు మార్చవచ్చు. అప్పుడు ఒకరు సవరణ మొదలుపెట్టగానే, రెండోవారికి ఆ వరుస అంచున అడ్డగీత గల వృత్తం కనబడుతుంది. టైపు చేసినా అక్షరం పడదు. స్టాకు, రసీదుల ఫారాలకు ఈ అమరికే నయం, కానీ సగం టైపు చేసి భోజనానికి వెళ్లిపోయే అలవాటున్న చోట అదొక కొత్త తగాదా. "ఆల్ రికార్డ్స్" అనే మూడో అమరిక జోలికి మాత్రం రోజువారీ పనిలో వెళ్లకూడదు, అది టేబుల్ మొత్తాన్నీ బంధిస్తుంది.

నెట్‌వర్క్ విషయంలో రాజీ పడరాదు. సర్వర్‌కు కేబుల్ ఉండాలి. వైఫై మీద నడిపితే కనెక్షన్ తెగిన క్షణంలో ఫైలు పాడయ్యే ప్రమాదం ఉంది. డేటా ఫైలును వన్‌డ్రైవ్ వంటి సింక్ ఫోల్డరులో పెడితే ఒక్కొక్కరి దగ్గర ఒక్కో ప్రతి తయారవుతుంది, అక్కడ లాకులకు అర్థమే ఉండదు. ఫైలు 2 జీబీ దాటదు, ఒకేసారి 255 మంది వాడవచ్చని కాగితం మీద ఉంది. నేనైతే పదిహేను సీట్లు దాటిన ఆఫీసుకు దీన్ని సిఫారసు చేయను.

అంతకు మించితే టేబుళ్లను ఉచితంగా లభించే మైక్రోసాఫ్ట్ డేటాబేస్ సర్వర్ ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్‌లోకి మార్చి, ఫారాలను యాక్సెస్‌లోనే ఉంచుకోవచ్చు. మార్చినప్పుడు అవును-కాదు తరహా ఫీల్డులు ఖాళీగా మిగిలిపోతే, ఎవరూ ముట్టుకోని రికార్డుపై కూడా అదే రైట్ కాన్‌ఫ్లిక్ట్ పెట్టె వస్తుంది. పాత ఖాళీలన్నీ సున్నాతో నింపి, ఆ ఫీల్డులకు సున్నాను డిఫాల్ట్‌గా ఇచ్చి, టేబుల్‌కు రోవెర్షన్ కాలమ్ (వరుస మారిన ప్రతిసారీ దానంతటదే మారే గుర్తు) చేరిస్తే ఆ బెడద తీరుతుంది.

ఖర్చు విషయానికి వస్తే, ఫారాలు తయారుచేసే ఒక్కరికి పూర్తి యాక్సెస్ ఉంటే చాలు. మిగిలిన విండోస్ యంత్రాలన్నిటిలో తయారైన ఫారాలను నడపడానికి మాత్రమే పనికొచ్చే ఉచిత యాక్సెస్ రన్‌టైమ్ వేసుకోవచ్చు. మ్యాక్ కంప్యూటర్లలో ఇది నడవదు.